కిటికీ పక్క పరుపు

హనెజిమా దీవి,
1996 అక్టోబరు 14

క్యోటో నగరవాసి కషివాగి మినెకో గారికి,

కామొమె యూత్ హాస్టల్ పేరెంట్ ఇగరాషి తెయిజి నమస్కరించి రాసేది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలి. ఇక్కడి పక్షం కుశలం అంతంత మాత్రమే కనుక, అక్కడి పక్షమైనా బాగుందని తలచి విషయానికి వస్తాను.

మీరూ, మీవారూ, చినామి పాపా మూడు రాత్రులు ఉంటామని వచ్చారు. రెండో రాత్రి గడిచీ గడవక ముందే మొదటి పడవకు వెళ్ళిపోయారు. నేను ఆరు గంటలకు టిఫిన్‌కు పిలుద్దామని వస్తే కుటుంబాల గది ఖాళీ. బల్ల మీద ‘అర్జెంటు పని పడింది, క్షమించండి’ అని చీటీ. సెలవులకు దీవికి వచ్చిన మనిషికి తెల్లవారుజామున నాలుగింటికి అర్జెంటు పని ఎలా తగులుతుందో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

మా హాస్టల్‌కు వచ్చినవాళ్ళను ‘ఇంటికొచ్చేశారా’ అని పిలుస్తాం. వెళ్ళేవాళ్ళను రేవు దాకా వచ్చి, జెండా ఊపి, ‘వెళ్ళి రండి’ అని గొంతు చించుకుని సాగనంపుతాం. ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో జెండా ఊపించుకోకుండా వెళ్ళినవాళ్ళు ఇద్దరే. ఒకణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఇంకొకడు పెళ్ళిపీటల మీంచి పారిపోయి వచ్చినవాడు, వాణ్ణి కాబోయే మామగారు పట్టుకుపోయాడు. మీది మూడోది.

నా భార్య ఫుమి పోయి ఆరేళ్ళయింది. నాకూ అరవై నాలుగు నిండాయి. వచ్చే మార్చి ఆఖరున హాస్టల్ మూసేస్తున్నాను. చలికాలంలో ఈ దీవికి ఎవరూ రారు కనుక మీరే మా చివరి కుటుంబం. చివరి కుటుంబం ఎందుకు పారిపోయిందో తెలియకుండా తలుపులు మూస్తే, మిగిలిన బతుకంతా అదే ఆలోచిస్తూ పడుంటాను. మూడు పూటలా స్క్విడ్ పెట్టినందుకా? సాయంత్రం అతిథులంతా కూర్చునే మీటింగ్‌లో నేను గిటారు వాయించి పాడినందుకా? స్నానం నీళ్ళు చల్లారినందుకా? ఏ సంగతీ దాచకుండా రాయండి. తట్టుకుంటాను.

ఇట్లు,
ఇగరాషి తెయిజి

తా.క. పిల్లలు లేని నన్ను ఇన్నేళ్ళుగా వేలమంది పేరెంట్ గారూ అని పిలిచారు. హాస్టల్ నడిపేవాణ్ణి అలాగే పిలవాలని రూలు. రూలు లేకుండా పిలిచింది మీ చినామి ఒక్కతే. తాతా అంది.

—

క్యోటో,
అక్టోబరు 23

మహారాజశ్రీ ఇగరాషి గారికి,

కషివాగి మినెకో అనేక నమస్కారాలతో విన్నవించుకొనేది. మీ ఉత్తరం అందింది. చదివి సిగ్గుతో చచ్చిపోయాను.

మీ వల్ల ఏ లోపమూ జరగలేదు. స్క్విడ్ అమృతంలా ఉంది. మూడు పూటలు కాదు, ఆరు పూటలు పెట్టినా తినేవాళ్ళం. మీ పాట ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంది. స్నానం నీళ్ళు ఎంత హితవుగా ఉన్నాయంటే చెప్పలేను. అంత మెత్తటి పరుపుల మీద మేమెప్పుడూ పడుకోలేదు. తప్పంతా మాదే. ఆ సంగతి మీకు తెలిసి కూడా తెలియనట్టు రాశారంటే అది మీ పెద్దమనసు. మా క్యోటోలో అయినా ఇంత మర్యాద చూడలేదు.

మావారు కుశలమే. కిమోనోల మీద పడిన మరకలు తీయడం ఆయన వృత్తి. పొద్దున కుంచె పట్టుకుని కూర్చుంటే సాయంత్రం దాకా నోరు తెరవరు. హాస్టల్ నుంచి వచ్చాక సాయంత్రం తర్వాత కూడా తెరవడం లేదు.

చినామి మాత్రం బాగా డీలా పడింది. ఫిబ్రవరిలో బడివాళ్ళు పిల్లల్ని మంచుకొండకు తీసుకెళ్ళి రెండు రాత్రులు అక్కడే ఉంచుతారు. పోయినేడాది నుంచీ దాని కోసం రోజులు లెక్కపెట్టిన పిల్ల, ఇప్పుడు వెళ్ళనంటోంది. “నేను పరాయిచోట పడుకోనమ్మా” అని ఒకటే మాట. ఎందుకో మీకు వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

మా ఊరి టర్నిప్ ఊరగాయ కొద్దిగా పంపుతున్నాను. స్వీకరించగలరు.

భవదీయురాలు,
కషివాగి మినెకో

తా.క. కుటుంబాల గదిలో పై అలమర తలుపు కాస్త బిగుసుకున్నట్టుంది. ఈ చలిలో దాన్ని తెరిచే శ్రమ పెట్టుకోకండి. వచ్చే ఏడు దాకా, ఆ మాటకొస్తే ఎప్పటికీ తెరవకపోయినా నష్టం లేదు.

—

హనెజిమా,
నవంబరు 4

కషివాగి మినెకో గారికి,

ఇగరాషి తెయిజి తల వంచుకుని రాసేది. నాలుగు రోజులుగా ఈదురుగాలి. రేవులో పడవల్లేవు, ఆకాశంలో పక్షుల్లేవు. నా మనసుకు తగ్గ వాతావరణం.

మీ ఉత్తరం చదివాను. ఫుమి పెళ్ళికి ముందు రెండేళ్ళు క్యోటోలో ఒక సత్రంలో పనిచేసింది. ఆ రెండేళ్ళ చదువూ నాకు ఒక్క ముక్కలో చెప్పింది: “క్యోటోవాళ్ళు పొగిడితే తిట్టినట్టు. ‘టీ అన్నం తిని వెళ్ళండి’ అంటే చెప్పులేసుకోవయ్యా అని. తిరగేసి చదువుకుంటే గానీ వాళ్ళ మనసు తెలీదు.” మా దీవివాళ్ళం కొబ్బరికాయ కొట్టినట్టు మాట్లాడేవాళ్ళం. అందుకే మీ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టుకుని, ఒక్కో వాక్యాన్నీ తిరగేసి చదివాను.

స్క్విడ్ అమృతం అన్నారు. వండటం మానేశాను. నా పాట ఇంకా చెవుల్లో మోగుతోందన్నారు. గిటారు తీగలు తీసి పక్కింటి జాలరికి ఇచ్చేశాను, గాలాలకు పనికొస్తాయన్నాడు. నీళ్ళు హితవుగా ఉన్నాయన్నారు. బాయిలర్‌ను నాలుగు తన్నులు తన్నాను. ఇప్పుడు అసలు వెలగడం లేదు.

ఇక అలమర. తెరవొద్దన్నారు కనుక వెంటనే తెరిచాను. తలుపు ఏమీ బిగుసుకోలేదు. లోపల అన్నిటికంటే అడుగున, చుట్టచుట్టి కుక్కిన పరుపు కనబడింది. ఫుమి ప్రతి పరుపు మూలనా దారంతో కుట్టి పెట్టింది: గోడ పక్కది, మధ్యది, కిటికీ పక్కది. ఇది కిటికీ పక్కది. మధ్యలో పళ్ళెమంత మరక. ఫుమి పోయాక నేను పరుపులు సరిగ్గా ఎండబెట్టడం లేదు. ఏనాటి మరకో. దాన్ని చూసి అసహ్యపడి, కంటికి కనబడకుండా దాచేసి, చాప మీద పడుకుని, తెల్లారక ముందే వెళ్ళిపోయారు. పరాయిచోట పడుకోవడమంటేనే ఆ పసిపిల్లకు భయం పట్టించింది నా పరుపే.

మంచుకొండ మీద పరుపులు శుభ్రంగా ఉంటాయని, అక్కడి మనుషులు ఇగరాషి లాంటివాళ్ళు కారని పాపకు నచ్చజెప్పండి.

ఇట్లు,
క్షమించమని అడిగే యోగ్యత కూడా లేని
ఇగరాషి తెయిజి

తా.క. ఊరగాయ చాలా బాగుంది. నేను క్యోటోవాణ్ణి కాను. నిజంగానే బాగుంది.

—

క్యోటో,
నవంబరు 16

పూజ్యులైన ఇగరాషి గారికి,

మినెకో సాష్టాంగపడి రాసేది. మీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. పొయ్యి మీద పులుసు పొంగిపోయినా లేవలేదు.

ఆ మరక పాతది అన్నారే! ‘ఏనాటిదో’ అన్నారే! ఎవరి పరువో కాపాడటానికి ఆ మరకను మీ నెత్తిన వేసుకున్నారు. పోయిన మీ ఇల్లాలి తర్వాత పరుపులు ఎండబెట్టలేదని మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. ఇంత చేస్తే మేమెలా బతకాలండీ? పెద్దమనిషి ఇలా తప్పు మీద వేసుకుంటుంటే మేం నోరు మూసుకుని ఊరగాయలు పంపుకుంటూ కూర్చున్నాం.

మీ ఉత్తరం మావారికి చదివి వినిపించాను. “ఏమండీ, ఆయన ఎంత మంచివాడో చూశారా?” అన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. ముప్పయ్యేళ్ళుగా పట్టు మీద సిరా మరకలూ, రక్తపు మరకలూ తీసిన మనిషికి ఈ ఒక్క మరక ఊసెత్తితే మొహం మాడిపోతోంది.

చినామి మధ్యాహ్నం దాటితే మంచినీళ్ళు ముట్టడం లేదు. రాత్రి భోజనంలో పులుసు కూడా వద్దంటుంది. మంచుకొండ ఫారం జనవరి ఇరవై లోపల ఇవ్వాలి. సంతకం పెట్టి బల్ల మీద ఉంచాను. పొద్దున చూస్తే ఫారం కనబడలేదు. బియ్యం డబ్బా అడుగున దొరికింది. మళ్ళీ బల్ల మీద పెట్టాను.

మా వంతుగా ఒక కొత్త పరుపు పంపుతున్నాను. దూది మంచిది. మీది పాడుచేసినందుకు అని రాయడానికి చెయ్యి రావడం లేదు కనుక, ఊరికే పంపుతున్నానని అనుకోండి.

కృతజ్ఞురాలు,
మినెకో

తా.క. పార్సిల్ మరీ పెద్దదైంది, మన్నించండి. పోస్టాఫీసులో గుమాస్తా దాన్ని రెండుసార్లు తట్టి, “లోపల మనిషెవరూ లేరు కదమ్మా?” అని అడిగాడు.

—

హనెజిమా,
డిసెంబరు 2

శ్రీమతి కషివాగి గారికి,

ఇగరాషి రాసేది. మొదటి మంచు పడింది. దానికీ నాకూ ఒకటే రంగు, వెలవెలబోయిన రంగు.

పరుపు అందింది. రేవు నుంచి తోపుడుబండి మీద తెచ్చుకున్నాను. దారి పొడుగునా దీవి అంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. చేపల మార్కెట్ దగ్గర ముసలావిడ, “ఏరా తెయిజీ, హాస్టల్‌కొచ్చినోళ్ళు నీకు పరుపు పంపారంటగా?” అంది. అవునన్నాను. “అయ్యో, అంత అధ్వానంగా ఉన్నాయా నీ పరుపులు!” అని బుగ్గలు నొక్కుకుంది. పెళ్ళికి పిలిస్తే చద్దన్నం మూట వెంట తెచ్చుకున్నట్టయింది నా పరువు. దీనికి మాత్రం తిరగేసి చదవడానికేం లేదు. పరుపును ఎటు తిరగేసినా పరుపే.

మార్చి దాకా ఆగడంలో అర్థం లేదనిపించింది. బోర్డు దించేశాను. ఇప్పుడది నడవాలో గోడకు ఆనించి ఉంది, నన్నే చూస్తోంది. పాత పరుపులు పదకొండింటిని ఒడ్డున తగలబెట్టాను. పొగ చూసి పడవేదో కాలిపోతోందని పక్కదీవి నుంచి అగ్నిమాపకదళం వచ్చింది. వాళ్ళకు టీ ఇచ్చి పంపాను.

కిటికీ పక్క పరుపు ఒక్కటి మాత్రం కాల్చలేదు. నా నిర్లక్ష్యానికి గుర్తుగా ఉంచుకుని, రోజూ దాని మీదే పడుకుంటున్నాను. ఎవరికి వేసిన శిక్ష వాళ్ళు అనుభవించాలి.

పాప నీళ్ళు తాగడం లేదని రాశారు. అది చదివిన దగ్గర్నుంచీ నాకూ నీళ్ళు తాగబుద్ధి కావడం లేదు. ఆ పిల్ల ఇక్కడున్న రెండు రోజుల్లో నాతో కలిసి పళ్ళేలు కడిగింది. “తాతా, మీ ఇంట్లో అందరూ ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలా? మా నాన్నకు చేతకాదు, నేను కడుగుతా” అంది. అలాంటి పిల్లకు ఇలా చేశాను. ఆ పిల్ల మంచుకొండకు వెళ్ళకపోతే ఆ పాపం నాదే.

ఇట్లు,
మాజీ పేరెంట్
ఇగరాషి

తా.క. ఎండుచేపలు పంపుతున్నాను. వీటికి బదులుగా దయచేసి ఏమీ పంపకండి. క్యోటో భాషలో దీన్ని ఎలా రాయాలో తెలియక మామూలు భాషలో రాశాను.

—

క్యోటో,
డిసెంబరు 15

ఇగరాషి గారికి,

నమస్కారాలూ కుశలప్రశ్నలూ ఈసారికి మానేస్తున్నాను. ఈ ఒక్క ఉత్తరానికి నన్ను క్యోటోదాన్ని అనుకోకండి. రాసింది రాసినట్టు చదవండి. తిరగేయకండి.

మీ పరుపుకు ఏ పాత మరకా లేదు. మరక మేమే చేశాం. ఆ రెండో రాత్రి చినామి పక్క తడిపింది.

మధ్య పరుపు మీద పడుకున్న పిల్ల నిద్రలో దొర్లుకుంటూ వాళ్ళ నాన్న పరుపు మీదకు వెళ్ళిపోయింది. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి చూస్తే, కిటికీ పక్క పరుపు మీద తడిలో పడుకుని ఉంది. ఆయన అప్పటికే లేచి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. పదేళ్ళ పిల్ల! మూడో ఏడు తర్వాత ఒక్కసారి కూడా ఇలా జరగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. లేపి, “ఛీ, ఇంత పిల్లవి! నోరెత్తకు, ఎవరికీ తెలియకూడదు” అన్నాను. పరుపు చుట్టి అలమరలో కుక్కి, పిల్లకు తడి బట్టల మీదే కోటు తొడిగి, దొంగల్లా పడవెక్కాం. పడవలో ఎనిమిది మంది ఉన్నారు. పిల్ల ఎవరి పక్కనా కూర్చోలేదు. చలిలో పైన నిలబడే ఉంది.

ఆ ఛీ అన్న మాట నేను అనకుండా ఉండాల్సింది. తడిసింది పరుపు, అది ఎండిపోయింది. నా మాట ఎండలేదు. “నేను మళ్ళీ అలా చేస్తానమ్మా, అందరి ముందూ చేస్తాను” అని రాత్రిళ్ళు లేచి కూర్చుంటోంది. పడుకునే ముందు ఆరుసార్లు బాత్‌రూమ్‌కు వెళ్తోంది. నేను ఎంత బుజ్జగించినా వినదు. వినదు సరే, మొదట అన్నదాన్ని నేనే కదా.

మీరు ఏ తప్పూ చేయలేదు. స్క్విడ్ నిజంగా బాగుంది. మీ పాట మాత్రం కాస్త ఎక్కువసేపు సాగింది, అంతే. బోర్డు పెట్టేయండి.

మినెకో

తా.క. మీరు ఆ పరుపు మీద రోజూ పడుకుంటున్నారని చదివి మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. దయచేసి దాని మీంచి లేవండి.

—

హనెజిమా,
1997 జనవరి 8

కషివాగి వారి కుటుంబానికి,

ఇగరాషి తెయిజి కొత్త సంవత్సరపు నమస్కారాలు. ఆలస్యానికి మన్నించాలి. సముద్రం బాగాలేక తొమ్మిది రోజులు టపా పడవ లేదు. ఈ ఉత్తరాన్ని మీరు ముగ్గురూ ఒకచోట కూర్చుని చదవాలని నా మనవి. ఇంటి యజమాని గారు కూడా.

మినెకో గారూ, తిరగేయొద్దని రాశారు. క్యోటో మనిషి తిరగేయొద్దు అంటే తిరగేయమనే కదా అర్థం. తిరగేశాను. ‘మరక మేమే చేశాం’ అంటే మరక మేం చేయలేదు అని. మీరు చేయకపోతే, నేను చేయకపోతే, ఇంక ఆ గదిలో మిగిలింది కప్పు ఒక్కటే.

వెంటనే నిచ్చెన వేసుకుని ఎక్కాను. సరిగ్గా కిటికీ పక్క పరుపు పరిచే చోటికి పైన పెంకు ఒకటి పక్కకు జరిగి ఉంది. నా బొటనవేలు దూరేంత సందు. అయినా అనుమానం ఉండకూడదని పక్కింటి జాలరిని పైకెక్కించి బకెట్లతో నీళ్ళు పోయించాను. నేను కింద పడుకున్నాను. నాలుగో బకెట్‌కు చుక్క పడింది. ఏడో బకెట్‌కు ధార కట్టింది. “ఇంకా పొయ్యనా మావా?” అని పైనుంచి వాడు. పొయ్యమన్నాను. పన్నెండో బకెట్ అయ్యేసరికి నేనూ పరుపూ ఒకటే ముద్ద. ఈ దీవి మీద వాన రాత్రి రెండింటికి వచ్చి మూడింటికి వెళ్ళిపోతుంది. నిద్రపోయేవాళ్ళకు చప్పుడు కూడా తెలియదు.

చినామి, ఇది నీకు. విను తల్లీ. నువ్వేం చేయలేదు. తాత ఇంటి కప్పు కారింది. నువ్వు నిద్రలో దొర్లుకుంటూ వెళ్ళి సరిగ్గా దాని కింద పడుకున్నావు. ఇరవై తొమ్మిదేళ్ళుగా హాస్టల్ నడుపుతున్నవాణ్ణి, నా ఇంటి కప్పు సంగతి నాకంటే ఎవరికి తెలుస్తుంది? ఎవరైనా ఏమైనా అంటే ఈ ఉత్తరం చూపించు. కడుపునిండా నీళ్ళు తాగు. మంచుకొండకు వెళ్ళు.

బోర్డు మళ్ళీ పైకి ఎక్కించాను. చివరి రోజులైనా మర్యాదగా గడుపుతాను. మార్చి ముప్పై ఒకటిన దించుతాను, ఈసారి పరుపుల వల్ల కాదు, నా మోకాళ్ళ వల్ల.

మీ,
పేరెంట్ ఇగరాషి తెయిజి

తా.క. చేతిరాత వణికినందుకు మన్నించండి. పన్నెండు బకెట్ల జలుబు.

—

క్యోటో,
ఫిబ్రవరి 6

గౌరవనీయులైన ఇగరాషి తెయిజి గారికి,

కషివాగి యసుహిస నమస్కరించి రాసేది. నేను ఉత్తరాలు రాయను. మాట్లాడటమే తక్కువ. తప్పులుంటే మన్నించండి.

మీరు చెప్పినట్టే ముగ్గురం కూర్చుని చదివాం. మినెకో పైకి చదివింది. చినామి పేరు వచ్చిన చోట చినామిని చదవమంది. పిల్ల చదివి కాగితం మడిచి నా చేతికిచ్చింది. నేను మళ్ళీ ఒకసారి చదివాను.

ఆ రాత్రి వాన పడలేదు. ఒక్క చినుకు కూడా లేదు. రెండు గంటల నుంచి మినెకో లేచేదాకా కిటికీ దగ్గర మేలుకుని కూర్చున్నవాణ్ణి నేను. నాకు తెలుసు.

ఆ పరుపు నాది. ఆ మరకా నాదే.

మీటింగ్‌లో మీరు పోసిన రేగుపండ్ల సారా నాలుగు గిన్నెలు తాగాను. నాకు అలవాటు లేదు. రెండింటికి మెలకువ వచ్చేసరికి జరగకూడనిది జరిగింది. నలభై నాలుగేళ్ళవాణ్ణి. చీకట్లో బట్టలు మార్చుకుని, ఏం చేయాలో తోచక కిటికీ దగ్గర కూర్చున్నాను. పిల్ల ఎప్పుడు దొర్లిందో చూడలేదు. చూసేసరికి నా చోట్లో ఉంది. లేపాలనుకున్నాను. ఇంతలో మినెకో లేచింది. ‘ఛీ’ అంది. ఆ మాట నాకు తగలాల్సింది. పిల్లకు తగిలింది. నోరు తెరవబోయాను, తెరుచుకోలేదు. పడవలో చెబుదామనుకున్నాను. ఇంటికెళ్ళి చెబుదామనుకున్నాను. రోజు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది. మరక కూడా అంతే, మొదటి రోజే పట్టుకోవాలి. ఊరందరి మరకలూ తీసి పొట్టపోసుకునేవాణ్ణి, ఇది నాకు తెలియని సంగతి కాదు.

మీరు ఆ పరుపును చూశారు, దాని మీద పడుకున్నారు. అది పిల్ల పని కాదని మీకు ముందే తెలిసి ఉంటుంది. ‘ఇంటి యజమాని గారు కూడా’ అని రాసింది అందుకేనేమో. రెండు రోజుల పరిచయమే ఉన్న మా పిల్ల కోసం మీరు లేని చిల్లును మీ కప్పుకు పెట్టుకున్నారు. కన్నవాణ్ణి నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు బడి నుంచి రాగానే పిల్లను కూర్చోబెట్టి చెప్పాను. వాన పడలేదని, కప్పు కారలేదని, అది నేనని. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

“మూడు నెలలు ఎందుకు చెప్పలేదు నాన్నా?” అంది.

“సిగ్గేసింది తల్లీ” అన్నాను.

“నాకూ వేసింది. నాది కాకపోయినా మాట నేను పడ్డాను కదా.”

ఫారం తీసుకెళ్ళి టీచర్‌కు ఇచ్చింది. నిన్న పొద్దున మంచుకొండకు వెళ్ళింది. బస్సు కిటికీలోంచి వాళ్ళమ్మకు చెయ్యి ఊపింది. నేను పక్కనే ఉన్నాను, నాకు ఊపలేదు. ఇవాళ రెండో రాత్రి. పిల్ల అక్కడ హాయిగా నిద్రపోతూ ఉంటుంది. నాతో ఎప్పుడు మాట్లాడుతుందో తెలియదు. మాట్లాడకపోయినా అడిగే మొహం లేదు.

ఇట్లు,
కషివాగి యసుహిస

తా.క. ఇగరాషి గారూ, మినెకోను. ఈ ఉత్తరం పోస్ట్ చేయమని నా చేతికే ఇచ్చారు. చదివాను. వచ్చే వారం పడవకు ఈయన ఒక్కరే మీ దగ్గరికి వస్తున్నారు. హాస్టల్ మూసే పనిలో సాయం చేస్తారు. పళ్ళేలు కడగడం రాదు, నేర్పండి. ఎప్పుడు తిప్పి పంపాలా అని మీరు కంగారు పడకండి. మాకేం తొందర లేదు. చినామిని అడిగి రాస్తాను.